మీకు తెలుసా? పాజ్ చేస్తే కాలమూ ఆగిపోతుంది!

శుక్రవారం సాయంత్రం వర్చువల్ మెషీన్‌ను (కంప్యూటర్ లోపల సాఫ్ట్‌వేర్‌గా నడిచే మరో కంప్యూటర్‌ను) పాజ్ చేసి, సోమవారం ఉదయం మళ్లీ నడిపించి చూడండి. లోపలి గడియారం ఇంకా శుక్రవారం సాయంత్రం దగ్గరే నిలబడి ఉండొచ్చు. దానికి సొంత హార్డ్‌వేర్ గడియారం లేదు మరి, దాన్ని నడిపే హోస్ట్ కంప్యూటర్ ఏది అందిస్తే అదే దాని కాలం. పాత పద్ధతిలో హోస్ట్ పంపే టిక్కులను (టైమర్ సంకేతాలను) లెక్కపెట్టుకునేది. లినక్స్ 2.6 తొలి కెర్నెల్‌లో సెకనుకు 1000 టిక్కులు! హోస్ట్ వేరే పనిలో పడితే కొన్ని జారిపోయేవి, గడియారం వెనకబడేది.

వర్చువల్ మెషీన్లను నడిపే వర్చువల్‌బాక్స్‌లో ఈ తేడాను సరిచేసేది, మెషీన్ లోపల పెట్టుకునే గెస్ట్ అడిషన్స్ అనే సాఫ్ట్‌వేర్. మామూలుగా 10 సెకన్లకోసారి హోస్ట్‌తో సరిచూసుకుంటుంది. తేడా కొద్దిగా ఉంటే గడియారాన్ని మెల్లగా సర్దుతుంది. 20 నిమిషాలు దాటితే ఒక్కసారే మార్చేస్తుంది. ఆ మెల్లదనం ఎంతో అవసరం. సమయం ఉన్నట్టుండి వెనక్కి జరిగితే, లాగ్ ఫైల్లో జవాబు ప్రశ్నకంటే ముందే వచ్చినట్టు కనబడుతుంది.

లాగిన్లకూ ఇబ్బందే. లాగిన్లను ధ్రువీకరించే కెర్బరోస్ సాధారణంగా గడియారాల మధ్య 5 నిమిషాలకు మించిన తేడాను ఒప్పుకోదు, పాస్‌వర్డ్ సరైనదే అయినా సరే. ఇక హోస్ట్ గడియారమే తప్పయితే లోపలిదీ అదే దారి పడుతుంది. ముందుగా హోస్ట్‌కు, నెట్‌వర్క్ ద్వారా సమయం సరిచూసే ఎన్‌టీపీ పెట్టుకోండి.