ఋషికుల్య ఒడ్డున మూడు రోజులు

మన గంజాం జిల్లా నుంచి సూరత్ మగ్గాల మీదికి వెళ్ళినవాళ్ళు లక్షల్లో ఉన్నారు. సెలవు మీద ఊరికొస్తే ఇరవై రోజులు. అందులో ఒక పెళ్ళి, ఒక పెద్దకర్మ, ఇంటి పైకప్పు, బేంకు పని. అంతే, మళ్ళీ పూరీ-అహ్మదాబాద్ బండి ఎక్కేయడమే. నేనూ ముప్పయ్యొక్క ఏళ్ళు అలాగే తిరిగేను. దేవుడి దర్శనం అంటే మనకి పూరీ, సింహాచలం, తిరుపతి. ఇంటి పక్కనున్న ఋషికుల్య నదిని బస్సు కిటికీలోంచి చూసి దండం పెట్టడమే.

ఈ చైత్రంలో మనవడి పుట్టెంట్రుకలు తీయించడానికి మా పెద్దోడు సంసారంతో సూరత్ నుంచి వచ్చేడు. ఆ పని మీద మూడు రోజులు నది ఎంట తిరిగేం. రోజూ పొద్దున్నే బరంపురంలో బయల్దేరడం, రాత్రికి ఇంటికి వచ్చి పడుకోవడం. లాడ్జి ఖర్చు లేదు. చూసింది చూసినట్టు రాస్తున్నాను, సెలవుకొచ్చే పిల్లలకి పనికొస్తుంది.

ముందు నది సంగతి. ఋషికుల్య కంధమాల్ జిల్లా దారింగిబాడి కొండల్లో పుట్టి, 165 కిలోమీటర్లు నడిచి, గంజాం పట్నం దగ్గర సముద్రంలో కలుస్తుంది. నడక చాలామట్టుకు మన జిల్లాలోనే. మహానదంత పెద్దది కాదు, ఎండాకాలం నీళ్ళకంటే ఇసకే ఎక్కువ. 1936 ఏప్రిల్ 1 దాకా ఈ జిల్లా మద్రాసు రాజధానిలో ఉండేది. అందుకే ఈ ఒడ్డున ఒడియాతో పాటు తెలుగూ వినిపిస్తుంది.

మొదటి రోజు: కొండ, రాయి

బరంపురానికి ముప్పై కిలోమీటర్ల లోపే తారాతారిణి కొండ. పురుషోత్తంపూర్ దగ్గర, నది ఒడ్డునే. కింద నుంచి 999 మెట్లు. ఎక్కలేనివాళ్ళకి బండి దారి ఉంది, రోప్‌వే కూడా ఉంది. మా ఇంటిదానికి మోకాళ్ళ నొప్పి, కోడలి చేతిలో చంటాడు, వాళ్ళు ముగ్గురూ రోప్‌వేలో వెళ్ళేరు. నేనూ పెద్దోడూ మెట్లెక్కేం. పన్నెండు గంటలు నిలబడి మగ్గాలు చూసిన కాళ్ళు కదా, నాలుగుచోట్ల కూర్చుని ఎక్కేసేను.

పైన అమ్మవార్లు ఇద్దరు, తార, తారిణి. రెండు రాళ్ళకి బంగారు, వెండి సొమ్ములు పెట్టి ముఖాలు చేసేరు. చంటిపిల్లల పుట్టెంట్రుకలు ఇక్కడ తీయించడం గంజాం జిల్లా అంతటికీ ఆచారం. చైత్రమాసం మంగళవారాల్లో మేళా, జనం లక్షల్లో వస్తారు. చంటిపిల్లలతో వెళ్ళేవాళ్ళు వేరే వారం చూసుకోండి. మేం గురువారం వెళ్ళేం, గంటలో పని అయిపోయింది. కొండ మీంచి చూస్తే కింద నది వంక తిరిగి, ఉతికి ఆరేసిన పంచెలా కనిపిస్తుంది.

అక్కడికి దగ్గర్లోనే జౌగడ. జౌ అంటే లక్క, లక్క కోట అన్నమాట. ఇప్పుడు కోట లేదు, మట్టి గట్లు మిగిలేయి. కానీ ఒక పెద్ద రాయి ఉంది. దాని మీద అశోక చక్రవర్తి చెక్కించిన శాసనాలు, 2200 ఏళ్ళ కిందటివి. కళింగ యుద్ధం మన నేల మీద జరిగింది కదా, ఆ తర్వాత మన జనం కోసమే చెప్పించిన మాటలు రెండు ఇందులో ఉన్నాయి. మనుషులందరూ నా బిడ్డలే అన్నది అందులోదే.

నేను అయిదో తరగతి దాకా చదివినవాణ్ణి. ఆ లిపి నాకెలా తెలుస్తుంది? పెద్దోడు ఫోనులో చూసి అర్థం చెప్పేడు. మొదటి శాసనం జంతువుల గురించి. రాజుగారి వంటశాలలో ఒకప్పుడు రోజూ లక్షల ప్రాణులు తెగేవట. శాసనం రాసేనాటికి మూడే: రెండు నెమళ్ళు, ఒక మృగం. ఆ మృగం కూడా రోజూ కాదు. ఇకమీదట ఆ మూడింటినీ చంపం అని రాయించేడు. ఆ మాట మనసులో పెట్టుకోండి, రెండో రోజు పనికొస్తుంది.

రెండో రోజు: గేటు లేని జూ

పొద్దున్నే అస్కా వెళ్ళేం. ఇక్కడ బడానది వచ్చి ఋషికుల్యలో కలుస్తుంది. పంచదార ఫేక్టరీ ఊరని అందరికీ తెలుసు. ఇక్కడి అమ్మవారు ఖంబేశ్వరి, అంటే స్తంభంలో ఉన్న తల్లి. అక్కణ్ణించి బుగుడా. అక్కడ విరంచినారాయణ గుడి, సూర్యుడి గుడి. ఘుముసర్ భంజరాజులు కట్టించేరు. చెక్క మీద చెక్కడం, గోడల మీద రామాయణం బొమ్మలు. రంగులు కొంత వెలిసేయి గానీ, నేతపని చేసినవాళ్ళు ఆ గీత చూస్తే అక్కణ్ణించి కదలరు. మా ఇంటిది పట్టుచీర అంచు చూసినట్టు ఒక్కో బొమ్మ దగ్గరా ఆగింది.

సాయంత్రం నాలుగింటికి భేట్నోయి వైపు ఆటో మాట్లాడుకున్నాం. మా మనవరాలు సూరత్‌లో సర్థానా జూ చూసిన పిల్ల. ఆటో ఆగగానే, "తాతా, గేటు ఏదీ? టికెట్టు ఎక్కడిస్తారు?" అని అడిగింది. గేటు లేదు, టికెట్టు లేదు. కోసేసిన చేలు, మధ్యలో గట్లు. ఆ చేలల్లో కృష్ణజింకలు, మందలు మందలుగా. పోతులు నల్లగా, మెలి తిరిగిన కొమ్ములతో. పెంటిజింకలు గోధుమరంగు. ఆంధ్రప్రదేశ్‌కి రాష్ట్ర జంతువు ఇదే. ఇక్కడ మనుషులు నడిచే చేలోనే మేస్తున్నాది.

అటవీ శాఖ లెక్కలో 2018లో జిల్లాలో ఇవి 4,082 ఉండేవి. 2021కి 7,358 అయ్యేయి. భేట్నోయి, బాలిపదర్ చుట్టుపక్కల ఊర్లే వీటికి ఇల్లు. ఎందుకు కాపాడుతున్నారంటే పెద్దలు ఒక మాట చెబుతారు. ఎప్పుడో కరువొచ్చి చేలు ఎండిపోయినప్పుడు ఈ జింకలు పొలాల్లోకి వచ్చేయట, వెంటనే వాన పడిందట. అప్పట్నుంచీ జింక చేలో అడుగుపెడితే శుభం. చంపరు, చంపనివ్వరు. 1972 నాటి వన్యప్రాణి చట్టం కంటే ముందునుంచీ ఉన్న కట్టడి ఇది.

అయితే జింక గాలి తిని బతకదు కదా. గట్టు మీద కూర్చున్న ఒక ముసలి రైతుతో మాట్లాడేను. పెసర, మినుము మొలకెత్తితే జింక వచ్చి తినేస్తుందని చెప్పేడు. అదిలిస్తారు గానీ రాయి వెయ్యరు. మరి ఇల్లు ఎలా నడుస్తాది అంటే నవ్వేడు. కొడుకులిద్దరూ సూరత్‌లో ఉన్నారట, మగ్గం మీద. నెలనెలా డబ్బు పంపుతారట.

నేను కాసేపు మాట్లాడలేకపోయేను. చేలో జింక తిన్న మినుముకి మారుగా, కొడుకు రాత్రి షిఫ్టు చేసి పంపిన డబ్బుతో ఆ ఇంట్లో పప్పు ఉడుకుతున్నాది. జౌగడ రాయి మీద రాజు చెప్పిన మాట ఈ రైతు అయినా, అతని కొడుకులు అయినా చదివేరో లేదో. పాటిస్తున్నది మాత్రం వాళ్ళే. అందులో మన మగ్గాల వాటా కూడా ఉంది. ఈ సంగతి మన పిల్లలకి చెప్పాలి.

మూడో రోజు: తాబేళ్ళు పుట్టే ఇసక

చివరి రోజు మధ్యాహ్నం గంజాం పట్నం దాటి, పురుణాబంధ వైపు వెళ్ళేం. నది సముద్రంలో కలిసే చోటు. ఇక్కడ ఉన్నవాళ్ళు నోలియాలు, చేపలు పట్టేవాళ్ళు. వాళ్ళింట్లో మాట తెలుగే. "ఎక్కణ్ణించి వచ్చేరు బాబూ" అని ఒకావిడ పలకరిస్తే సొంతూరు వచ్చినట్టు అనిపించింది.

మాఘ ఫాల్గుణాల్లో ఈ ఇసక మీదికి ఆలివ్ రిడ్లీ తాబేళ్ళు గుడ్లు పెట్టడానికి వస్తాయి. అన్నీ ఒకేసారి, రాత్రిళ్ళు. బయటి ప్రపంచానికి ఈ చోటు తెలిసింది 1994లో. 2025 ఫిబ్రవరిలో దగ్గరదగ్గర ఏడు లక్షల తాబేళ్ళు వచ్చేయి. ప్రతి ఏడూ అంత రావు, కొన్నేళ్ళు అసలు రావు కూడా. ఒక్కో తల్లి ఇసక తవ్వి నూరు పైచిలుకు గుడ్లు పెట్టి, కప్పి, వెనక్కి చూడకుండా సముద్రంలోకి పోతుంది. నలభై అయిదు, యాభై రోజులకి పిల్లలు వస్తాయి. వెయ్యింటిలో ఒకటి పెద్దదైతే గొప్ప అంటారు.

వీటి కోసం నవంబరు 1 నుంచి మే 31 దాకా, ఏడు నెలలు, ఒడ్డు నుంచి 20 కిలోమీటర్ల లోపల మోటారు బోట్లూ ట్రాలర్లూ వేటాడకూడదు. సర్కారు కొంత సాయం ఇస్తుంది. కానీ ఏడు నెలలు పని లేకపోవడం అంటే ఏమిటో లాకౌటు చూసిన మనవాళ్ళకి వేరే చెప్పక్కర్లేదు. ఆ ఇళ్ళ కుర్రాళ్ళే రాత్రిపూట అటవీ శాఖవాళ్ళతో కలిసి తాబేలు పిల్లలకి కాపలా కాస్తారు.

చీకటి పడ్డాక, వాళ్ళు నిలబడమన్న చోట నిలబడి చూసేం. బొటనవేలంత పిల్లలు ఇసకలోంచి లేచి సముద్రం వైపు పోతున్నాయి. సముద్రం మీది వెలుగు చూసి అవి దారి పడతాయట. ఊరి లైట్లు, రోడ్డు లైట్లు ఎక్కువైతే అటే తిరిగి, తెల్లారేసరికి కుక్కల పాలో కాకుల పాలో అవుతాయి. అందుకే వలలు అడ్డం కట్టి, ఏరి, నీళ్ళలో వదులుతారు. ముప్పయ్యొక్క ఏళ్ళు మా మిల్లులో లైటు ఆరిందంటే కరెంటు పోయినట్టే. ఇక్కడ లైటు ఆర్పడమే పని. మగ్గం మోతకి నా కుడిచెవి పోయింది, అలల చప్పుడు సగమే వినిపిస్తుంది. మనవరాలు ఎడమచెవి దగ్గరకొచ్చి, "అదిగో, ఇంకొకటి నీళ్ళలోకి పోయింది" అని గుసగుసగా లెక్క చెబుతూ వచ్చింది. నలభై దాకా లెక్కపెట్టింది.

వెళ్ళేవాళ్ళకి నాలుగు మాటలు

జింకలకి చలికాలం మంచిది, తెల్లవారు లేదా సాయంత్రం. ఆటో దూరంగా ఆపించండి, హారను కొట్టనివ్వకండి. బిస్కట్లు, చిప్సులు పెట్టకండి. గట్టు మీదే నడవండి, అది ఒకరి చేను.

తాబేలు పిల్లల్ని చూడాలంటే చైత్రం. ముందుగా అటవీ శాఖవాళ్ళని అడిగి, రానిస్తేనే వెళ్ళండి. టార్చి, ఫోను లైటు వద్దు. ఒడ్డున ప్లాస్టిక్ కవరు పారేయకండి, అది సముద్రంలోకి పోతే తాబేలు తినేస్తుంది.

రెండుచోట్లా టికెట్టు లేదు. అందుకని ఆ ఊరి కొట్లోనే టీ తాగండి, ఆ ఊరివాళ్ళ దగ్గరే చేపలు కొనండి. సెలవు ఇరవై రోజుల్లో మూడు రోజులు దీనికి తీసిపెట్టండి.