లెన్సు చవకే, చీటీయే ఖరీదు

హైదరాబాదులోనో విజయవాడలోనో కళ్లద్దాల షాపుకెళ్లి "మైనస్ రెండున్నర, నెలరోజులవి ఒక డబ్బా ఇవ్వండి" అంటే చాలాచోట్ల మారు ప్రశ్న లేకుండా చేతిలో పెడతారు. అదే మాట డాలస్‌లో అంటే "ప్రిస్క్రిప్షన్ ఉందా?" అని ఎదురు ప్రశ్న వస్తుంది. అమెరికా చట్టం దృష్టిలో కాంటాక్ట్ లెన్సు వైద్య పరికరం. చీటీ లేనివాళ్లకు అమ్మితే నేరం. కొత్తగా దిగిన ఎమ్మెస్ విద్యార్థికైనా, హెచ్‌1బీ మీద వెళ్లిన ఉద్యోగికైనా మొదటి ఏడాది గుండె గుభేలుమనేది లెన్సు ధర చూసి కాదు, ఆ చీటీకయ్యే ఖర్చు చూసి. చీటీ చేతికొచ్చాక మాత్రం బేరం మన పక్షానికి వచ్చేస్తుంది. ఆ సంగతి తెలియక చాలామంది పరీక్ష చేయించుకున్న చోటే, చెప్పిన ధరకే కొనేసి బయటపడతారు.

మన డాక్టరు చీటీ అక్కడ చెల్లదు

చీటీ రాసేవారికి అమెరికాలోని ఏదో ఒక రాష్ట్రం ఇచ్చిన లైసెన్సు ఉండాలి. అందుకే హైదరాబాదులో ఎంత పేరున్న కంటి వైద్యులు రాసిచ్చినా అక్కడి షాపువాడికి అది కాగితం మాత్రమే. అలాగని పారేయకండి. ఆ కాగితాన్నీ, వాడుతున్న లెన్సు డబ్బా మూతనూ వెంట తీసుకెళ్తే అక్కడి ఆప్టోమెట్రిస్టుకు సగం పని తగ్గుతుంది. కళ్ల పరీక్షకు ఒక ఫీజు, లెన్సు కంటికి సరిపోయిందో లేదో చూసే "ఫిట్టింగ్"కు ఇంకో ఫీజు ఉంటాయి. మొదటిసారి పెట్టుకునేవాళ్లకు పెట్టుకోవడం, తీయడం కూడా నేర్పాలి కాబట్టి ఫిట్టింగు ఫీజు సాధారణంగా ఎక్కువే. ఏళ్ల తరబడి వాడుతున్నామని డబ్బా చూపించి చెప్పడం వల్ల ఇక్కడే నాలుగు డాలర్లు మిగలొచ్చు. అపాయింట్‌మెంట్ తీసుకునేటప్పుడే "పరీక్షకెంత, ఫిట్టింగుకెంత?" అని విడివిడిగా అడగండి. అలా అడిగితే అక్కడ ఎవరూ చిన్నచూపు చూడరు.

అడగకుండానే ఇవ్వాలి

కళ్లద్దాల చీటీ పేషెంటు చేతికి ఇచ్చి తీరాలన్న నిబంధన అమెరికాలో 1978లోనే వచ్చింది. లెన్సుల చీటీకి ఆ భాగ్యం కలగడానికి మరో పాతికేళ్లు పట్టింది. 2003లో కాంగ్రెస్ చేసిన చట్టం 2004 ఫిబ్రవరి నుంచి అమల్లోకి వచ్చింది. ఫిట్టింగు పూర్తయ్యాక చీటీని అడక్కపోయినా ఇవ్వాలి, దానికి వేరే ఫీజు తీసుకోకూడదు, "లెన్సులు మా దగ్గర కొంటేనే ఇస్తాం" అని మెలిక పెట్టకూడదు. 2020లో ఇంకో అడుగు ముందుకేసి, చీటీ ఇచ్చినట్టు పేషెంటు సంతకం వంటి రుజువు ఒకటి ఉంచుకోవాలన్నారు. కౌంటరు దగ్గర ఎవరైనా కాగితం ముందు పెట్టి సంతకం చేయమంటే, చీటీ నిజంగా చేతికొచ్చిందో లేదో చూసుకుని చేయండి.

చీటీ కనీసం ఒక ఏడాది చెల్లాలి. కంటి ఆరోగ్యానికి సంబంధించిన కారణం ఉంటేనే అంతకన్నా తగ్గించవచ్చు. కొన్ని రాష్ట్రాల్లో రెండేళ్ల గడువూ ఉంది. గడువు తేదీ చదివేటప్పుడు మాత్రం జాగ్రత్త: 03/07 అంటే మనకు జూలై 3, వాళ్లకు మార్చి 7.

మౌనం అంగీకారమే

చీటీ ఎక్కడో పోయింది, ఆన్‌లైన్లో కొనాలి. అప్పుడు డాక్టరు పేరు, లెన్సు వివరాలు ఇస్తే అమ్మేవాళ్లే ఆ క్లినిక్‌ను సంప్రదించి సరిచూసుకుంటారు. దానికి చట్టం ఇచ్చిన గడువు 8 పని గంటలు. ఆలోగా క్లినిక్ కాదనకపోతే ఔనన్నట్టే లెక్క, లెన్సులు పంపేయవచ్చు. తమ గిరాకీని ఎదుటివాడికి పంపడానికి క్లినిక్కులు నాన్చుతాయని ఊహించి పెట్టిన నిబంధన ఇది. ఫోనెత్తకుండా ఊరుకునేవాడికి దీనికన్నా మంచి మందు నాకైతే తోచదు.

కళ్లద్దాల పవరు చూసి కొంటే

కళ్లద్దం కంటికి సుమారు 12 మిల్లీమీటర్ల దూరంలో ఉంటుంది, లెన్సు కంటిని అంటుకునే ఉంటుంది. పవరు తక్కువైతే ఈ తేడాను పట్టించుకోనక్కర్లేదు. మైనస్ 4 దగ్గర నుంచి లెక్కలోకి వస్తుంది. అద్దాల్లో మైనస్ 6 ఉన్నవారికి లెన్సులో సుమారు మైనస్ 5.50 లేదా 5.75, మైనస్ 8 ఉన్నవారికి మైనస్ 7.25 సరిపోతుంది. పైగా లెన్సు చీటీలో వంపు, వ్యాసం, బ్రాండు కూడా రాస్తారు. వంపు 8.6 అని, వ్యాసం 14.2 అని కనిపించే అంకెలు మిల్లీమీటర్లలో ఉంటాయి. ఒకే అంకెలున్నా రెండు కంపెనీల లెన్సులు కంటి మీద ఒకేలా కూర్చోవు. అందుకే చీటీలో ఒక బ్రాండు రాసి ఉంటే షాపువాడు తన ఇష్టం వచ్చిన మరో బ్రాండు ఇవ్వడానికి వీల్లేదు.

దీనివల్ల బేరమాడే చోటు షాపు కాదు, పరీక్ష గది అని తేలుతుంది. ఫిట్టింగు రోజునే "ఇంతకన్నా తక్కువ ధరలో నా కంటికి సరిపడేది ఉందా?" అని అడిగేయాలి. బ్రాండు పేరు చీటీలోకి ఎక్కిన తర్వాత అడిగి లాభం లేదు.

ఈ బ్రాండు నిబంధనకు చిన్న వెసులుబాటు ఒకటుంది. ఒకే కంపెనీ ఒకే లెన్సును రెండు మూడు పేర్లతో అమ్ముతుంటే, చీటీలో రాసిన సొంత ముద్ర పేరుకు బదులు అదే లెన్సును ఇంకో పేరుతో ఇవ్వవచ్చు. కాస్ట్‌కో దుకాణాల్లో వాళ్ల సొంత ముద్ర కిర్క్‌లాండ్ పేరుతో దొరికే రోజువారీ లెన్సులు కూపర్‌విజన్ కంపెనీ తయారుచేసేవే. ఆ కంపెనీదే "మైడే" పేరున్న లెన్సుకు ఇవి తోబుట్టువులు. డబ్బా మీద పెద్దక్షరాలు కాకుండా, తయారీదారు పేరున్న చిన్నక్షరాలు చదివేవాళ్లకే ఇలాంటివి కనిపిస్తాయి.

ఏడాదికెన్ని?

రోజువారీ లెన్సులు రోజూ పెట్టుకుంటే ఏడాదికి 730. తొంభై లెన్సుల డబ్బాలైతే కంటికి సుమారు నాలుగు, మొత్తం ఎనిమిది. నెలవారీవైతే ఆరేసి ఉన్న డబ్బాలు నాలుగు చాలు, కానీ ద్రావణం ఖర్చు అదనం. వారానికి మూడు రోజులే పెట్టుకునేవారి లెక్క వేరు. వాళ్లకు కంటికి 156 చాలు, అంటే నాలుగు డబ్బాలతో ఏడాది గడిచిపోతుంది. నెలవారీ లెన్సుకు నెల అంటే పొర చించిన రోజు నుంచి ముప్పై రోజులు, పెట్టుకున్న రోజులు ముప్పై కావు. దాన్ని మూడు నెలలు సాగదీసేవాళ్లు మిగిల్చేది కంటి డాక్టరు ఫీజుకు కూడా చాలదు.

ఏడాదికి సరిపడా ఒకేసారి కొంటే కంపెనీలు రిబేటు ఇస్తాయి. అది బిల్లులో తగ్గదు. బిల్లు పంపాక కొన్ని వారాలకు ప్రీపెయిడ్ కార్డుగా వస్తుంది. దరఖాస్తు చేయడం మరిచిపోయేవాళ్లే ఎక్కువమంది ఉంటారన్న నమ్మకం మీదే ఈ పద్ధతి నడుస్తోందని నా అనుమానం.

కళ్ల బీమా కూడా అక్కడ మామూలు ఆరోగ్య బీమాలో కలిసి రాదు. సాధారణంగా విడిగా తీసుకోవాలి. చాలా పథకాల్లో ఆ ఏడాది అద్దాలకో లెన్సులకో, ఏదో ఒకదానికే డబ్బులిస్తారు. ఆఫీసులో ఎఫ్‌ఎస్‌ఏ (జీతంలోంచి వైద్య ఖర్చులకు పక్కన పెట్టే) ఖాతా ఉంటే లెన్సులూ, ద్రావణమూ రెండూ అందులోంచి పన్ను లేని డబ్బుతో కొనుక్కోవచ్చు. డిసెంబరులో ఖాతా ఖాళీ చేయాలని కంగారుపడే తెలుగు ఉద్యోగులు గుర్తుపెట్టుకోదగ్గ మాట.

హాలోవీన్ పిల్లి కళ్లు

పవరేమీ లేని రంగు లెన్సులకు కూడా చీటీ తప్పదు. 2005 నుంచి అమెరికాలో అవీ వైద్య పరికరాలే. అక్టోబరు వచ్చిందంటే వేషాల దుకాణాల్లో దొంగచాటుగా అమ్మే పిల్లి కళ్లు, పాము కళ్లు కొలత చూడకుండా ఇచ్చేవి. కంటిపొర గీసుకుపోవడానికి ఒక్క సాయంత్రం చాలు.

బొమ్మల పెట్టెలోంచి రోచెస్టర్ దాకా

ఇంత గొడవకూ మూలమైన మెత్తని లెన్సు పిల్లలాడుకునే సామానుతో పుట్టింది. చెక్ రసాయన శాస్త్రవేత్త ఒట్టో విఖ్టెర్లె 1961 క్రిస్మస్ రోజుల్లో ప్రాగ్‌లోని తన ఇంట్లో, మెర్కుర్ అనే ఇనప ముక్కల బొమ్మల సెట్టుతో యంత్రం కట్టి, సైకిలు డైనమోతో తిప్పి, గిర్రున తిరిగే అచ్చుల్లో నీటిని పీల్చుకునే ప్లాస్టిక్‌ను పోసి లెన్సులు తీశాడు. వాటి హక్కులు అట్లాంటిక్ దాటి చివరికి న్యూయార్క్ రాష్ట్రంలోని రోచెస్టర్‌లో ఉన్న బాష్ అండ్ లాంబ్ కంపెనీకి చేరాయి. 1971లో అమెరికా ప్రభుత్వం మెత్తని లెన్సుకు అనుమతి ఇచ్చింది.

ఆ రోచెస్టర్‌లోనే విశ్వవిద్యాలయంలో కంటి వైద్యం చేస్తున్న గుళ్లపల్లి నాగేశ్వరరావు 1980ల్లో స్వదేశానికి తిరిగొచ్చి, 1987లో హైదరాబాదులో ఎల్.వి.ప్రసాద్ నేత్ర వైద్య సంస్థను నిలబెట్టారు. సినీ దర్శక నిర్మాత ఎల్.వి.ప్రసాద్ కుటుంబం ఇచ్చిన విరాళం దానికి పునాది. సంస్థలోని ఆప్టోమెట్రీ కళాశాల చాలాకాలం బాష్ అండ్ లాంబ్ పేరుతోనే నడిచింది. ఇప్పుడు అది బ్రయన్ హోల్డెన్ పేరు మీద ఉంది. ఈ ఆస్ట్రేలియా శాస్త్రవేత్త 1984లో మెర్ట్జ్ అనే సహచరుడితో కలిసి, లెన్సు గుండా ఎంత ఆక్సిజన్ అందితే కంటిపొర వాపు రాదో అంకెల్లో తేల్చాడు. పగటి వాడకానికి 24, రాత్రి నిద్రకు 87 అన్నది వాళ్ల కొలత. ఆ రెండో అంకెను అందుకోవాలన్న తాపత్రయంలోంచే 1990ల చివరలో సిలికాన్ హైడ్రోజెల్ లెన్సులు బజారుకొచ్చాయి. ఇవాళ డాలస్ విద్యార్థి చీటీలో కనిపించే పేర్లలో ఎక్కువ భాగం ఆ జాతివే.

ధర తగ్గించొద్దన్న కంపెనీలు

2013, 2014లో పెద్ద కంపెనీలు కొన్ని లెన్సులకు ఒక కనీస ధర పెట్టి, అంతకన్నా తక్కువకు అమ్మే దుకాణాలకు సరుకు ఇవ్వబోమన్నాయి. యూటా రాష్ట్రం 2015లో ఈ పద్ధతిని నిషేధిస్తూ చట్టం చేసింది. ఒక పెద్ద ఆన్‌లైన్ లెన్సుల కంపెనీ ఇల్లు ఆ రాష్ట్రంలోనే ఉందన్నది మరిచిపోకూడని చిన్న వివరం.

వేరే దేశమైతే వేరే కథ

జర్మనీలో చీటీ గొడవే లేదు. సబ్బులు, షాంపూలు అమ్మే డీఎం దుకాణాల అరల్లోనే, వాళ్ల సొంత ముద్రతో, పవరు చూసుకుని తీసుకోవచ్చు. కొలత మాత్రం ముందే తెలిసి ఉండాలి. బ్రిటన్‌లో ఫిట్టింగు అయ్యాక వివరాల కాగితం ఇవ్వడం తప్పనిసరి, అమ్మేవాళ్లు దాన్ని సరిచూడడమూ తప్పనిసరి. స్కాట్లాండులో 2006 నుంచి కళ్ల పరీక్ష ఉచితం, లెన్సు ఫిట్టింగు అందులో కలవదు. కెనడాలోని బ్రిటిష్ కొలంబియా 2010లో ఆన్‌లైన్ కొనుగోలుకు చీటీ నిబంధన ఎత్తేసింది.

సూట్‌కేసులో సీసా

ద్రావణం పెద్ద సీసా చేతి సంచిలో వేస్తే విమానాశ్రయంలో ఆపేయవచ్చు. లగేజీలో పెట్టండి, చిన్న సీసా దగ్గరుంచుకోండి. అవతల దిగాక పేర్లు మారతాయని గుర్తుంచుకోండి. బ్రిటన్‌లో ఏఓసెప్ట్ ప్లస్ పేరుతో దొరికే పెరాక్సైడ్ ద్రావణం అమెరికాలో క్లియర్ కేర్. దానితో వచ్చే గిన్నెలోనే లెన్సులు కనీసం ఆరు గంటలు నానాలి, అప్పుడే పెరాక్సైడ్ నీరుగా మారుతుంది. హెచ్చరికగా పెట్టిన ఎర్ర మూతను చూసి కూడా మామూలు ద్రావణమనుకుని నేరుగా కంట్లోకి వేసుకున్నవాళ్లకు ఆ మంట చాలాకాలం గుర్తుంటుంది. ద్రావణం అయిపోయిందని కొళాయి నీళ్లతో కడగడం మాత్రం ఏ దేశంలోనూ పనికిరాదు. నీళ్లలోని అకాంతమీబా అనే సూక్ష్మజీవి కంటిపొరలో చేరితే వదిలించడానికి నెలలు పడుతుంది. ద్రావణం లేని రాత్రి ఆ జత పారేసి, మర్నాడు కళ్లద్దాలు పెట్టుకోండి. అవి లేకుండా లెన్సుల మీదే ఆధారపడి విదేశం వెళ్లేవాళ్లు బయలుదేరే ముందే ఇక్కడ ఒక జత చేయించుకోవడం మంచిది, అక్కడికన్నా చవకగా అయిపోతుంది.