వంటింట్లో పేరు కుదిరిన యుద్ధ నవల

"యుద్ధం మీద నవలా? మనకెందుకమ్మా!" అని పేజీ తిప్పేయకండి. నేనూ మొదట అలాగే అన్నాను.

మా అమ్మాయి ఎం.ఏ. ఇంగ్లీషు చదువుతోంది. నేను ఇంటర్‌తో చదువాపేసినదాన్ని. ఇంగ్లీషు నవలలు చదివేంత భాషా లేదు, తీరికా లేదు. ఓ ఆదివారం మధ్యాహ్నం నేను చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తుంటే, పక్కన కూర్చుని చదువుకుంటూ పకపకా నవ్వింది. "ఏం పుస్తకమే అది?" అన్నాను. "యుద్ధం గురించమ్మా" అంది. నాకు ఒళ్ళు మండింది. "మనుషులు చచ్చిపోతుంటే నవ్వేమిటే?" అన్నాను. "విను, నువ్వూ నవ్వుతావు. ఆ తర్వాత ఎందుకు నవ్వానా అని బాధపడతావు" అంది.

అచ్చం అలాగే జరిగింది. ఆ కబుర్లే మీతో చెప్పాలని కూర్చున్నాను.

కాగితం మీద చచ్చిపోయిన డాక్టరు

ఆ పుస్తకం పేరు 'క్యాచ్-22'. క్యాచ్ అంటే ఇక్కడ మెలిక అన్నమాట. రాసినాయన జోసెఫ్ హెల్లర్ అనే అమెరికన్. రెండో ప్రపంచ యుద్ధంలో బాంబులు వేసే విమానాల్లో 60 సార్లు వెళ్ళి, ప్రాణాలతో తిరిగొచ్చిన మనిషి. నవల 1961లో వచ్చింది.

మెలిక ఏమిటంటే, పిచ్చెక్కినవాడు విమానం ఎక్కనక్కర్లేదు. కానీ ఆ సంగతి తనే వచ్చి చెప్పుకోవాలి. చెప్పుకున్నాడంటే ప్రాణభయం ఉన్నట్టే కదా, అంటే బుర్ర సవ్యంగా పనిచేస్తున్నట్టే. కాబట్టి ఎక్కాల్సిందే! ముందు నుయ్యి, వెనక గొయ్యి.

అందులో మిలో అని సైనికుల భోజనశాల చూసుకునే ఆఫీసరొకడు. కోడిగుడ్డు 7 సెంట్లకు కొని 5 సెంట్లకు అమ్ముతాడు. అయినా లాభమే! ఎలాగంటారా? కొనేవాడూ, అమ్మేవాడూ, మధ్య దళారీ అన్నీ తనే. పత్తి ఎక్కువగా కొనేసి అమ్ముడుపోకపోతే, దానికి చాక్లెట్ పూత పూసి సైనికులకు పెట్టబోతాడు. ఇక్కడిదాకా నవ్వాను. చివరికి శత్రువుతో బేరం కుదుర్చుకుని, తమ శిబిరం మీదే బాంబులు వేయిస్తాడు. అందరూ మండిపడితే లెక్కల పుస్తకం తెరిచి లాభం చూపిస్తాడు. అంతే, గొడవ సద్దుమణిగిపోతుంది. నా చేతిలో చిక్కుడుకాయ చేతిలోనే ఉండిపోయింది.

ఇంకొకటి వినండి. డనీకా అనే డాక్టరు ఉంటాడు. విమానం ఎక్కకుండానే ఎక్కినట్టు పేరు రాయించుకుంటూ ఉంటాడు. ఓ రోజు ఆ విమానం కూలిపోతుంది. డాక్టరేమో నేలమీద నిలబడి "నేనిక్కడే ఉన్నాను" అంటున్నా, కాగితం ప్రకారం చచ్చిపోయినట్టే! ఇంటి దగ్గర ఆయన భార్యకు కబురు వెళ్తుంది. పాపం, ఏడుస్తుంది. తర్వాత ఇన్సూరెన్సు డబ్బులొస్తాయి. ఆపైన పెద్ద ఆఫీసరు దగ్గర్నుంచి సంతాపం తెలుపుతూ ఉత్తరం వస్తుంది. అందులో చనిపోయింది మీ భర్తో, కొడుకో, తండ్రో, అన్నదమ్ముడో అని అన్నీ వరసగా అచ్చేసి ఉంటాయి. మన దరఖాస్తుల్లో 'వర్తించనిది కొట్టివేయుము' అని ఉంటుంది చూడండి, ఇక్కడ ఆ కొట్టివేసే ఓపిక కూడా ఎవరికీ లేదు!

మా అత్తగారు పింఛను కోసం ఏటా బతికే ఉన్నానని కాగితం ఇవ్వాలి. ఆవిణ్ణి ఎదురుగా కూర్చోబెట్టినా "కాగితమేదీ?" అని అడుగుతారు. ఆ రోజు ఇంటికొచ్చి నవ్వుకున్నాం. ఇప్పుడు ఈ కథ విన్నాక నవ్వు రాలేదు. మనిషికన్నా కాగితం పెద్దదైపోయిన చోట, ఎంతమంది పోయారన్నది కేవలం ఒక అంకె.

మేరీగారి కోపం

రెండో పుస్తకం 'స్లాటర్‌హౌస్-ఫైవ్', అంటే కబేళా నెంబరు 5. రాసినాయన కర్ట్ వానెగట్. ఆయనా ఆ యుద్ధంలో సైనికుడే. 22 ఏళ్ళ వయసులో జర్మన్లకు బందీగా చిక్కి, డ్రెస్డెన్ నగరంలో ఉన్నాడు. 1945 ఫిబ్రవరిలో బ్రిటిష్, అమెరికన్ విమానాలు ఆ ఊరిని బాంబులతో బూడిద చేశాయి. దాదాపు 25,000 మంది పోయారని 2010లో చరిత్రకారుల సంఘం తేల్చింది. కబేళా అడుగున మాంసం దాచే నేలమాళిగలో ఉండబట్టి ఈ బందీలు బతికిపోయారు. ఆ తర్వాత శిథిలాల్లోంచి శవాలు తీసే పని వీళ్ళదే అయింది.

అదంతా నవలగా రాద్దామంటే ఆయనకు ఇరవై ఏళ్ళకు పైగా కుదరలేదు. ఎలా కుదిరిందో పుస్తకం మొదట్లో ఆయనే చెప్పాడు. పాత సంగతులు గుర్తుచేసుకుందామని, తనతోపాటు బందీగా ఉన్న స్నేహితుడు ఓహేర్ ఇంటికి వెళ్ళాడు. ఇద్దరూ వంటింటి బల్ల దగ్గర కూర్చున్నారు. ఓహేర్ భార్య మేరీ మాత్రం ముభావంగా ఉంది. ఐసు ట్రే తీసి సింకులో దభాలున కొట్టింది. మనకీ తెలుసుగా, గిన్నెల చప్పుడుకు అర్థమేమిటో!

కాసేపటికి మనసులో మాట బయటపెట్టేసింది. అప్పుడు మీరు పసివాళ్ళు, ఇప్పుడు మేడమీద ఆడుకుంటున్న పిల్లల్లాంటివాళ్ళు. కానీ పుస్తకంలో మాత్రం మగధీరులమని రాసుకుంటారు. పెద్ద హీరోలతో సినిమా తీస్తారు. యుద్ధమంటే గొప్పగా కనిపిస్తుంది. ఇంకో యుద్ధం వస్తుంది. దానికి ఈ పిల్లలే పోవాలి. ఇదీ ఆవిడ బాధ.

వానెగట్ చెయ్యెత్తి మాటిచ్చాడు, అలాంటి పుస్తకం రాయనని. పిల్లల దండయాత్ర అని అర్థం వచ్చే రెండో పేరు నవలకు పెట్టాడు. అంకితమిచ్చిన ఇద్దరిలో ఒకరు మేరీయే! 1969లో, వియత్నాంలో మళ్ళీ పిల్లలు చచ్చిపోతున్న రోజుల్లో ఆ పుస్తకం వచ్చింది.

ఈ నవలలో హీరో లేడు. డెర్బీ అనే బడిపంతులున్నాడు. బందీలంతా ఫ్యాక్టరీలో గర్భిణీ స్త్రీల కోసం తయారుచేసే మాల్ట్ పాకాన్ని దొంగచాటుగా తింటారు. ఒక్క చెంచా నోట్లో పడగానే డెర్బీ ఏడ్చేస్తాడు. అంత ఆకలి! అదే మనిషి, ఊరంతా బూడిదయ్యాక, శిథిలాల్లో దొరికిన టీపాట్ తీసుకున్నాడని విచారణ జరిపి కాల్చి చంపుతారు. వేలమందిని చంపినవాళ్ళకు విచారణ లేదు, టీపాట్‌కు ఉంది! నవలలో ఏ చావు వచ్చినా వెంటనే ఒకటే చిన్న మాట వస్తుంది. అలా వందసార్లకు పైగా. మొదట నవ్వొస్తుంది, పోనుపోను గొంతులో ముల్లులా గుచ్చుకుంటుంది.

1973లో అమెరికాలోనే డ్రేక్ అనే చిన్న ఊళ్ళో, బూతు మాటలున్నాయని ఈ పుస్తకం 32 కాపీలను బడి కొలిమిలో వేసి కాల్చారు. ఊరు తగలబడిందని చదివితే రాని కోపం మాటలు చదివితే వచ్చింది!

వెనక్కి నడిచే సినిమా

నాకు బాగా నచ్చినది మాత్రం ఇది. కథానాయకుడు ఓ యుద్ధం సినిమాను వెనక నుంచి ముందుకు చూస్తాడు. మంటలు ముడుచుకుపోతాయి, బాంబులు మళ్ళీ విమానంలోకి వెళ్ళిపోతాయి. వాటిని ఫ్యాక్టరీలకు పంపితే అక్కడ విడగొట్టేస్తారు. ఆ పని చేసేది ఎక్కువగా ఆడవాళ్ళే. ఆ ఖనిజాలను ఇక ఎవరికీ హాని చేయకుండా మళ్ళీ భూమిలో దాచేస్తారు. అది విన్నాక మా అమ్మాయీ నేనూ కాసేపు మాట్లాడుకోలేదు.

మా వాడికి పదిహేడేళ్ళు. టీవీలో యుద్ధం వార్తలొస్తే క్రికెట్ స్కోరు అడిగినట్టు "ఎన్ని కూల్చారు?" అంటాడు. ఇన్నాళ్ళూ విని ఊరుకునేదాన్ని. మొన్న రాత్రి మళ్ళీ అలాగే అంటే, చేతిలో అట్లకాడ గట్టు మీద కాస్త గట్టిగానే పెట్టాను.

"ఏమైందమ్మా?" అన్నాడు కంగారుగా.

"టీవీ కట్టేసి ఇటు రారా, దోసె తింటూ ఓ డాక్టరు కథ విందువుగాని" అన్నాను. విన్నాడు. గుడ్ల దగ్గర నవ్వాడు. ఆ సంతాపం ఉత్తరం దగ్గరకొచ్చేసరికి దోసె తినడం ఆపేశాడు.