సంఘం షాట్: మాచ్‌నూర్ మహిళల గొంతు, చూపు

మన దేశంలో ప్రసార మాధ్యమాలు రెండే చేతుల్లో ఉన్నాయన్నది సాధారణంగా అందరిలోనూ ఉండే అభిప్రాయం. ఆకాశవాణి, దూరదర్శన్ ప్రజాధనంతో నడుస్తాయి, ప్రైవేటు ఎఫ్.ఎం. కేంద్రాలు, టీవీ చానళ్లు ప్రకటనల రాబడితో నడుస్తాయి. ఈ రెండు కోవలకూ చెందని మూడో తరహా మాధ్యమం కూడా ఒకటుందని, దాన్ని వినేవారే నడుపుకుంటారని, ఆ తరహాలో ఒక స్వచ్ఛంద సంస్థకు దక్కిన అనుమతితో దేశంలో మొట్టమొదట గొంతు విప్పిన రేడియో తెలుగు నేల మీదే, సంగారెడ్డి జిల్లా ఝరాసంగం మండలంలోని మాచ్‌నూర్ అనే చిన్న ఊళ్లో ఉందని తెలిసినవారు తక్కువ. దాని పేరు సంఘం రేడియో. దాన్ని నడిపేవారు జహీరాబాద్ ప్రాంతపు దళిత మహిళా రైతులు.

స్వతంత్ర మాధ్యమం అంటే ఎవరినీ లెక్కచేయని మాధ్యమం అని కాదు. ఏం చెప్పాలో, ఎవరి మాటలో చెప్పాలో, ఎవరి కంటితో చూపించాలో నిర్ణయించే అధికారం ప్రభుత్వం దగ్గరా పెట్టుబడి దగ్గరా కాక, ఆ మాధ్యమాన్ని నమ్ముకున్న జనం దగ్గరే ఉండటం దాని అసలు లక్షణం. ఈ కొలతతో చూస్తే సంఘం రేడియో, దానికి తోడుగా ఎదిగిన వీడియో బృందం మన మాధ్యమ చరిత్రలో ప్రత్యేకంగా చెప్పుకోవలసిన అధ్యాయం.

చేను నుంచి స్టూడియోకు

ఈ కథకు మూలం రేడియో కాదు, చేను. 1983లో మొదలైన డక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ పస్తాపూర్ కేంద్రంగా జహీరాబాద్ చుట్టుపక్కల పల్లెల్లో పేద మహిళల సంఘాలను కూడగట్టింది. సుమారు 75 గ్రామాల్లో 5,000 మంది దాకా మహిళలు ఆ సంఘాల్లో చేరారు. పడావు పడ్డ ఎర్రనేలలను వారు మళ్లీ సాగులోకి తెచ్చుకున్నారు. ఒకే చేలో జొన్న, సజ్జ, కొర్ర, సామ, తైద, కంది, పెసర, అనుము వంటి పంటలను కలిపి వేసే పాత పద్ధతిని నిలబెట్టారు. ఊరి విత్తనాలను సేకరించి విత్తన నిధులు ఏర్పాటు చేసుకున్నారు. ఏటా సంక్రాంతి వేళ ఎడ్లబండ్ల మీద విత్తనాలతో ఊరూరా తిరిగే పాత పంటల జాతర ఆ కృషికి పండుగ రూపం.

ఈ పని ముందుకు సాగుతున్న కొద్దీ ఒక లోటు బయటపడింది. ఏ నేలకు ఏ విత్తనం పనికొస్తుందో, దాన్ని పురుగు పట్టకుండా ఎలా దాచాలో, ఏ ఆకు ఏ జబ్బుకు మందో ఈ మహిళలకు క్షుణ్ణంగా తెలుసు. అయితే ఆ తెలివిడి పుస్తకాల్లో లేదు, వారిలో చాలామందికి చదువు లేదు. పెద్దలతోపాటే అంతరించిపోయే ఆ జ్ఞానాన్ని కాపాడటానికి, ఒక ఊరి అనుభవాన్ని మరో ఊరికి చేర్చటానికి అక్షరంతో పనిలేని సాధనం కావాలి. సంస్థ వ్యవస్థాపకుల్లో ఒకరైన పి.వి. సతీష్ అంతకుముందు దూరదర్శన్‌లో నిర్మాతగా పనిచేసినవారు కావటం వల్ల, మాట, బొమ్మ అనే రెండు సాధనాలూ ఈ మహిళల చేతికి అందే దారి సుగమమైంది. యునెస్కో తోడ్పాటుతో 1998 నాటికి మాచ్‌నూర్‌లో రేడియో కేంద్రం సిద్ధమైంది. స్టూడియో ఉంది, ట్రాన్స్‌మిటర్ ఉంది, మాట్లాడేవారున్నారు. లేనిదల్లా ప్రభుత్వ అనుమతి.

గాలి ఎవరి సొత్తు?

రేడియో మాటను మోసుకెళ్లేవి విద్యుదయస్కాంత తరంగాలు. రెండు కేంద్రాలు ఒకేచోట ఒకే తరంగాన్ని వాడితే రెండూ వినబడవు కనుక, ఎవరికి ఏ తరంగం కేటాయించాలో నిర్ణయించే వ్యవస్థ ఏ దేశానికైనా అవసరమే. మన దేశంలో 1885 నాటి టెలిగ్రాఫ్ చట్టం ఆ అధికారాన్ని పూర్తిగా ప్రభుత్వానికి కట్టబెట్టింది. స్వాతంత్ర్యం వచ్చాక దశాబ్దాల పాటు ఆ ఏర్పాటే కొనసాగింది.

దాన్ని కదిలించినది ఒక క్రికెట్ వివాదం. 1993 నాటి హీరో కప్ పోటీల ప్రసార హక్కుల విషయంలో కేంద్ర సమాచార, ప్రసార శాఖకూ బెంగాల్ క్రికెట్ సంఘానికీ మధ్య తలెత్తిన తగవు సుప్రీంకోర్టుకు చేరింది. న్యాయమూర్తులు పి.బి. సావంత్, ఎస్. మోహన్, బి.పి. జీవన్‌రెడ్డి 1995 ఫిబ్రవరిలో తీర్పు చెబుతూ, ప్రసార తరంగాలు ప్రజల ఆస్తి అని, వాటిని ప్రజాహితం కోసం వినియోగించాలని స్పష్టం చేశారు. తెలుగువారైన జస్టిస్ జీవన్‌రెడ్డి విడిగా రాసిన తీర్పులో, ప్రసారాల మీద ప్రభుత్వ గుత్తాధిపత్యం ఎంత ప్రమాదమో ప్రైవేటు గుత్తాధిపత్యం కూడా అంతే ప్రమాదమన్న హెచ్చరిక కనిపిస్తుంది.

తీర్పు వచ్చినంత మాత్రాన తలుపులు తెరుచుకోలేదు. ప్రైవేటు ఎఫ్.ఎం. కేంద్రాలకు వేలం పాటలు జరిగాయి కానీ, వేలంలో పాడుకునే స్తోమత లేని పల్లె జనానికి ఏ దారీ ఏర్పడలేదు. 2000 జూలైలో పస్తాపూర్‌లోనే జరిగిన సమావేశం సమాజ రేడియోకు, అంటే జనమే నడుపుకునే కమ్యూనిటీ రేడియోకు, అనుమతించాలని కోరుతూ ఒక ప్రకటన వెలువరించింది. 2002 చివర్లో ప్రభుత్వం విద్యాసంస్థలకు మాత్రం అవకాశమిచ్చింది, ఆ మేరకు 2004లో చెన్నైలోని అన్నా విశ్వవిద్యాలయం ప్రసారాలు మొదలుపెట్టింది. లాభాపేక్ష లేని స్వచ్ఛంద సంస్థలకు ఆ హక్కు దక్కటానికి 2006 నవంబరు దాకా ఆగవలసి వచ్చింది.

కేంద్రం సిద్ధమైన 1998 నుంచి పదేళ్ల పాటు మాచ్‌నూర్ మహిళలు చేతులు ముడుచుకుని కూర్చోలేదు. కార్యక్రమాలను క్యాసెట్ల మీద రికార్డు చేసి, ఆ క్యాసెట్లను ఊళ్లకు తీసుకెళ్లి, సంఘం కూర్చున్నచోట టేప్ రికార్డర్‌లో వినిపించారు. ఇలా గాలిలోకి వదలకుండా ఎంచుకున్న శ్రోతలకు నేరుగా వినిపించే పద్ధతిని నారోకాస్టింగ్ అంటారు. ట్రాన్స్‌మిటర్ మూగగా ఉన్నా కార్యక్రమం ఆగలేదు. పైగా విన్నవారు అక్కడికక్కడే తప్పొప్పులు చెప్పటంతో, ఆ నిరీక్షణ కాలమే వారికి శిక్షణ కాలమైంది. చివరకు 2008 అక్టోబరు 15న, అంతర్జాతీయ గ్రామీణ మహిళా దినోత్సవం నాడు, సంఘం రేడియో గాలిలోకి వచ్చింది. తరంగాలు ప్రజల ఆస్తి అని తీర్పు చెప్పిన జస్టిస్ సావంతే వచ్చి దాన్ని ప్రారంభించారు.

వంద వాట్ల గొంతు

సమాజ రేడియోకు చట్టం అనుమతించే ప్రసార శక్తి సాధారణంగా 100 వాట్లు, అంటే పాతకాలపు పెద్ద బల్బు ఒకటి కాల్చే విద్యుత్తుతో సమానం. ఎఫ్.ఎం. తరంగాలు ఇంచుమించు తిన్నగా ప్రయాణిస్తాయి కనుక గుట్టలు అడ్డొస్తే మాట తెగిపోతుంది. స్తంభం ఎత్తును బట్టి, నేల ఎత్తుపల్లాలను బట్టి అది పదిహేను, ఇరవై కిలోమీటర్లకు కాస్త అటూ ఇటూగా వినబడుతుంది. పెద్ద కేంద్రాలకు లోపంగా తోచే ఈ పరిమితే సమాజ రేడియోకు ప్రాణం. ఆ పరిధిలో ఉన్నవారందరిదీ ఒకే నేల, ఒకే వాన, ఒకే సంత, ఒకే యాస.

సంఘం రేడియో 90.4 మెగాహెర్ట్జ్ మీద వినిపిస్తుంది. జనరల్ నర్సమ్మ, ఆల్గోల్ నర్సమ్మ దాన్ని తొలి నుంచీ భుజాన వేసుకుని నడిపిన మహిళలుగా ప్రసిద్ధులు. మాట్లాడటం, రికార్డు చేయటం, కూర్చటం, ప్రసారం చేయటం, అన్నీ వారే నేర్చుకున్నారు. పొలం పనులు ముగించుకుని ఆడవాళ్లు ఇల్లు చేరే సాయంత్రపు వేళకు అనువుగా ప్రసార సమయం పెట్టుకోవటంలోనే ఇది ఎవరి రేడియోయో తెలుస్తుంది. నగరపు స్టూడియోలో కూర్చున్న నిపుణుడు రైతుకు సలహా ఇచ్చే తీరు ఇక్కడ తలకిందులవుతుంది. విత్తనాలను బూడిదతో, వేపాకుతో కలిపి గంపలో పోసి, పేడ మట్టితో మూతి అలికి దాచే పద్ధతిని వివరించేది ఆ పని చేసే చేతులున్న మనిషే; వినేది పక్క ఊళ్లో అదే గంప ముందు కూర్చున్న మరో మనిషి. పంటల మాటతోపాటు ఆరోగ్యం, పిల్లల చదువు, బతుకమ్మ పాటలు, నాట్ల పాటలు, పండుగల విశేషాలు వారి ఇంటి తెలుగులోనే సాగుతాయి. కన్నడ, మరాఠీ, ఉర్దూ మాటలు కలగలిసిన ఆ సరిహద్దు యాసను పెద్ద మాధ్యమాలు హాస్యపాత్రలకే కేటాయించిన కాలంలో, తన మాటను దిద్దుకోకుండా మైకు ముందు కూర్చున్న మహిళ సాధించిన గౌరవం చిన్నది కాదు.

పటేల్ షాట్, సంఘం షాట్

రేడియోకు తోడుగా కమ్యూనిటీ మీడియా ట్రస్టు అనే పేరుతో వీడియో బృందం కూడా ఎదిగింది. చదువు రాని మహిళలు కెమెరా నేర్చుకుంటున్నప్పుడు ఇంగ్లిషు సాంకేతిక పదాలను బట్టీ పట్టకుండా తమ బతుకులోంచి పేర్లు పెట్టుకున్నారు. ఎత్తు నుంచి కిందికి చూస్తూ తీసేది పటేల్ షాట్. గద్దె మీద కూర్చున్న భూస్వామి కింద నిలబడ్డ కూలివాణ్ణి చూసే చూపు అది. కింది నుంచి తలెత్తి చూసేది బానిస చూపు. మనిషి కంటికి సమానమైన ఎత్తులో తీసేది సంఘం షాట్, ఎందుకంటే సంఘంలో అందరూ ఒకే చాప మీద ఎదురెదురుగా కూర్చుంటారు. కెమెరా కోణంలో అధికారం దాగి ఉంటుందన్న సంగతిని సినిమా సిద్ధాంతకారులు గ్రంథాల్లో చర్చించారు. ఈ మహిళలు దాన్ని మూడు పేర్లలో తేల్చి చెప్పారు.

2002లో జన్యుమార్పిడి చేసిన బీటీ పత్తి సాగుకు అనుమతి వచ్చాక ఈ బృందం వరంగల్ ప్రాంతపు రైతుల దగ్గరకు వెళ్లి, వారి అనుభవాలను చిత్రీకరించింది. దిగుబడుల మీద, నష్టాల మీద వెలువడే లెక్కలన్నీ విత్తన కంపెనీలవో, ప్రభుత్వానివో, శాస్త్రవేత్తలవో అయిన చోట, రైతును రైతే అడిగి రికార్డు చేసిన సాక్ష్యం అది. ఆ తర్వాతి ఏళ్లలో బీటీ పత్తి దేశమంతా విస్తరించింది, దాని మంచిచెడుల మీద వాదం ఇంకా ముగియలేదు. అయినా ఆ చిత్రాల విలువ వాదంలో ఎవరు గెలిచారన్నదాని మీద ఆధారపడదు; నష్టపోయిన మనిషి మాట చరిత్రలో నమోదు కావటమే వాటి విలువ.

ఖర్చు, కట్టుబాటు

ఇటువంటి మాధ్యమానికి ఎదురయ్యే మొదటి కష్టం ఖర్చు. సమాజ రేడియో ప్రకటనలు తీసుకోవచ్చు కానీ, వాటికి పరిమితి ఉంది. 2006 విధానం గంటకు 5 నిమిషాలకు మించి అనుమతించలేదు, 2024లో ఆ పరిమితి 12 నిమిషాలకు పెరిగింది. 2012లో తరంగాల వాడకానికి ఏటా కట్టవలసిన రుసుమును ప్రభుత్వం రూ.19,700 నుంచి ఒక్కసారిగా రూ.91,000కు పెంచినప్పుడు దేశంలోని సమాజ రేడియోలు ఆందోళనకు దిగవలసి వచ్చింది, ఆ పెంపును తర్వాత ఉపసంహరించారు. నగరపు ఎఫ్.ఎం.కు లెక్కలోకి రాని మొత్తం పల్లె రేడియోను మూయించగలదని ఆ సంఘటన రుజువు చేసింది.

రెండో కష్టం అంతకంటే లోతైనది. మన దేశంలో సమాజ రేడియోలు సొంతంగా వార్తలు ప్రసారం చేయకూడదు, ఆకాశవాణి వార్తలను మాత్రమే అందించవచ్చు. టీవీ చానళ్లు రాత్రింబవళ్లు వార్తలు చదవవచ్చు, పత్రికలు రాయవచ్చు, సెల్‌ఫోన్ ఉన్న ఎవరైనా ఏ ఊరి సంగతైనా క్షణంలో లోకమంతా చాటవచ్చు. ఊరి చెరువు కట్ట ఎందుకు తెగిందో, రేషన్ దుకాణంలో బియ్యం ఎందుకు రాలేదో ఆ ఊరి రేడియో మాత్రం వార్తగా చెప్పకూడదు. శ్రోతల మధ్యనే ఉండి, తప్పు చెబితే మర్నాడే సంతలో జవాబు చెప్పుకోవలసిన మాధ్యమం మీద ఈ అపనమ్మకానికి తగిన కారణం కనిపించదు.

అంతర్జాలం వచ్చాక ఇటువంటి రేడియోతో పనేమిటన్న ప్రశ్నకు కూడా జవాబు ఇక్కడే ఉంది. వీడియోలను, పాటలను నేడు ఫోన్ల ద్వారా దూరదేశాలకు చేర్చవచ్చు, అది మంచిదే. కానీ ఫోన్‌లో ఏది ముందు కనబడాలో నిర్ణయించేది ఎక్కడో ఉన్న కంపెనీ లెక్కసూత్రం. మాచ్‌నూర్‌లో ఈ సాయంత్రం ఏం వినిపించాలో నిర్ణయించేది సంఘం. డేటా ఖర్చు లేకుండా, చదువుతో పనిలేకుండా, రొట్టెలు చేస్తూ వినగలిగే సాధనం రేడియో ఒక్కటే.

ఈ ప్రయాణానికి దారి వేసిన పి.వి. సతీష్ 2023 మార్చిలో కన్నుమూశారు. డక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ మహిళా సంఘాలకు అంతకుముందే, 2019లో, ఐక్యరాజ్య సమితి అభివృద్ధి కార్యక్రమం వారి ఈక్వేటర్ పురస్కారం దక్కింది. దేశంలో నేడు 500కు పైగా సమాజ రేడియోలు ఉన్నాయి. లక్షల పల్లెలున్న దేశానికి ఆ సంఖ్య చాలా తక్కువ. రెండు తెలుగు రాష్ట్రాల్లో ప్రతి మండలానికీ తన యాసలో మాట్లాడే రేడియో ఉండాలని కోరటం అత్యాశ కాదు, వాటికి తమ ఊరి వార్త చెప్పుకునే హక్కు ఇమ్మనటం అంతకంటే కాదు. తరంగాలు ప్రజల ఆస్తి అని దేశపు అత్యున్నత న్యాయస్థానం 1995లోనే చెప్పింది. ఆ ఆస్తిని దాని యజమానులకు పూర్తిగా అప్పగించటం ఇంకా మిగిలే ఉంది.