ఫీల్డ్ వర్క్ పిల్లలొచ్చిన్రు

సంక్రాంతి దాటితే నిజామాబాద్ జిల్లా మెండోరలో పగటిపూట ఇంటింటికీ తిరిగి లాభం లేదు. పసుపు తవ్వకం మొదలవుతుంది. తవ్వింది ఉడకబెట్టాలి, కల్లంలో ఎండబోయాలి, కాడి వేరు గోళ వేరు చేయాలి, పాలిష్ పట్టించి నిజామాబాద్ మార్కెట్ యార్డుకు తోలాలి. ఇంటి దగ్గర ముసలివాళ్లు, బీడీలు చుట్టే ఆడవాళ్లు తప్ప ఎవరూ దొరకరు. ఎమ్మెస్‌డబ్ల్యూ (మాస్టర్ ఆఫ్ సోషల్ వర్క్) చదివే పిల్లలు ఇలాంటి ఊళ్లో అడుగుపెట్టగానే నేర్చుకునే మొదటి సంగతి ఇదే. జనానికి తీరిక దొరికే వేళకే మనం పోవాలి.

స్వచ్ఛంద సంస్థల్లో ఉద్యోగం చేయాలనుకునేవారికి మన దగ్గరున్న రాచబాట ఈ చదువే. 1936లో ముంబయిలో సర్ దొరాబ్జీ టాటా పేరిట మొదలైన బడి, నేటి టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సోషల్ సైన్సెస్ (టిస్), దీనికి దేశంలో పునాది వేసింది. ఫీల్డ్ వర్క్ లేకుండా ఈ డిగ్రీ లేదు. సాధారణంగా వారానికి రెండు రోజులు ఏదో ఒక సంస్థలోనో, ఆసుపత్రిలోనో, బస్తీలోనో పనిచేయాలి. చివర్లో కొన్ని వారాలపాటు ఒకేచోట ఉండి పనిచేసే బ్లాక్ ప్లేస్‌మెంట్. దీన్ని మార్కుల కోసం చేసే పనిగా చూడటం పొరపాటు. ఆపదలో ఉన్న పిల్లల కోసం మనం తిప్పే 1098 నంబరు కూడా 1996లో టిస్ చేపట్టిన క్షేత్రస్థాయి ప్రాజెక్టుగానే పుట్టింది.

మెండోర దగ్గర్లోని పోచంపాడ్ నుంచి 44వ నంబరు హైవే మీద దక్షిణానికి పోతే ఆర్మూర్ దాటాక డిచ్‌పల్లి వస్తుంది. 2006లో ఏర్పడ్డ తెలంగాణ యూనివర్సిటీ అక్కడే ఉంది. అంతకు చాలా ముందే, 1915లో, ఇసబెల్ కెర్ అనే స్కాట్లండ్ డాక్టరమ్మ అదే డిచ్‌పల్లిలో కుష్ఠు రోగులకు ఆసుపత్రి పెట్టింది. రాజా నర్సాగౌడ్ దానికి విరాళమిచ్చారు. సొంతవాళ్లే దగ్గరికి రానివ్వని మనుషులకు అక్కడ మందూ నీడా దొరికాయి. ఈ జిల్లా పిల్లలు సేవా రంగం గురించి తెలుసుకోవడానికి ముంబయి దాకా పోనక్కర్లేదు.

ఇక ఊళ్లో పని. బీడీలు చుట్టే ఇంటి ముందు కూర్చున్న విద్యార్థిని నోటుబుక్కు తీస్తుంది. ఎదురుగా ఉన్నామె ఒళ్లో చాట, చాటలో తంబాకు, పక్కన తడిపిన తునికాకు. కత్తెర ఆకును కొలత ప్రకారం కోస్తుంది, వేళ్లు చుడతాయి, దారం పడుతుంది. మాట్లాడుతున్నంతసేపూ ఆ చేతులు ఆగవు. ఆగితే కూలి ఆగుతుంది.

“ఏం రాస్తున్నవ్ బిడ్డా? పింఛనొస్తదా?”

ఈ ప్రశ్నకు క్లాసులో చదివిన సిద్ధాంతాలేవీ జవాబివ్వవు. పీఎఫ్ ఉందా, కార్డులో పేరూ ఆధార్‌లో పేరూ ఒకటేనా, తేడా ఉంటే ఎవరి దగ్గరికి పోవాలి, ఇవన్నీ తెలియాలి. పక్కింట్లో మరో కాగితం కథ. ఆ ఇంటాయన గల్ఫ్‌లో చనిపోయాడు. 2024లో రాష్ట్ర ప్రభుత్వం ఇలాంటి కుటుంబాలకు 5 లక్షల రూపాయల సాయం ప్రకటించింది. అది చేతికి రావాలంటే మరణ ధ్రువీకరణ, పాస్‌పోర్టు, బ్యాంకు వివరాలు జతచేసి కలెక్టరు దాకా దరఖాస్తు పోవాలి. ఏడుస్తున్న ఇల్లాలిని ఏ పూట అడగాలి, ఏ పూట ఊరుకోవాలి అన్నది తెలిస్తేనే ఆ ఫైలు పూర్తవుతుంది. నా దృష్టిలో కేస్ వర్క్ అంటే అసలు ఇదే.

ఆర్మూర్, బాల్కొండ ప్రాంతంలో ఇంకో గట్టి పరీక్ష ఉంది: వీడీసీ. గ్రామాభివృద్ధి కమిటీల వల్ల బళ్లూ గుళ్లూ బాగుపడ్డ ఊళ్లున్నాయి. మాట వినని కుటుంబాలను సాంఘికంగా బహిష్కరించారన్న ఫిర్యాదులూ ఉన్నాయి. కమిటీ పెద్దలకు నమస్కారం పెట్టకుండా ఊళ్లో పని సాగదు. వాళ్ల గుప్పిట్లోకి పోతే పని చేసీ దండగ. కులాలు, భూములు, గల్ఫ్ పైసలు ఊరిపెత్తనాన్ని ఎలా నడుపుతాయో ఇరవై రెండేళ్ల పిల్ల కమిటీ కూర్చునే గద్దె ముందు నిలబడి తెలుసుకుంటుంది.

కొలువుల సంగతి దాచకుండా చెప్పాలి. సఖి కేంద్రాలు, బాలల సంరక్షణ విభాగాలు, ఆసుపత్రి కౌన్సెలింగ్, ఎన్జీఓ ప్రాజెక్టులు: దారులున్నాయి. కానీ చాలావరకు కాంట్రాక్టు పనులే. ప్రాజెక్టు ముగిస్తే జీతమూ ముగుస్తుంది. అందుకే ఇంటర్వ్యూలో ఏం చదివావన్న దానికంటే ఏ ఊళ్లో ఏం చేశావన్నదే బరువు తూగుతుంది.

అసలు అన్యాయం అంతకుముందే జరుగుతోంది. ఫీల్డ్ వర్క్‌కు చాలాచోట్ల పైసా ఇవ్వరు. 2023 డిసెంబరు నుంచి ఆడపిల్లలకు పల్లెవెలుగు బస్సు ఉచితం కాబట్టి కొంత నయం. మగపిల్లలకు చార్జీలు, అందరికీ మధ్యాహ్నం తిండి, పోయిన కూలి సొంత ఖర్చే. బీడీలు చుట్టి కూతుర్ని చదివించే తల్లికి వారంలో ఆ రెండు రోజుల ఖర్చు పెద్ద మొత్తం. ఆ ఊరి కష్టం అందరికంటే బాగా తెలిసిన పిల్లే ముందు తప్పుకుంటోంది. దీనికో దారి ఉంది. కంపెనీల చట్టం కింద పెద్ద కంపెనీలు లాభాల్లో 2 శాతం సమాజం కోసం ఖర్చు పెట్టాలన్న నియమం 2014 ఏప్రిల్ నుంచి అమల్లో ఉంది. ఆ డబ్బుతో ప్రాజెక్టులు నడిపే సంస్థలు, పిల్లల్ని పంపే కాలేజీలు కూర్చుని మాట్లాడుకుని, ఫీల్డ్ వర్క్ చేసే ప్రతి ఒక్కరికీ బస్సు చార్జీ, భోజనం, నెలకింత స్టైపెండ్ ప్రాజెక్టు బడ్జెట్‌లోనే రాయాలి. వచ్చే విద్యా సంవత్సరం ప్లేస్‌మెంట్లు వేసేలోపే రాయాలి.