పొగమంచుకి 8 బిట్లు చాలవు

శనివారం పొద్దున్నే గోల్డెన్ గేట్ బ్రిడ్జి మీదుగా సాసలీటో దాకా సైకిలు తొక్కే మనవాళ్ళు, ఆ ఫోటోలతో ఇంటికొచ్చి డిజిటల్ బొమ్మలు చేసుకునేవాళ్ళు ఉన్నారు. తీరా కాంట్రాస్ట్ పెంచితే మెత్తటి పొగమంచు కాస్తా చారలు చారలుగా విడిపోతుంది!

జేపెగ్‌లో ఒక్కో రంగుకి 8 బిట్లు, అంటే 256 స్థాయిలే. 14 బిట్ల రా ఫైల్లో 16,384 (ఈ లెక్క మీకు నేను చెప్పాలా?). మంచంతా ఆ 256లో పిడికెడు స్థాయిల్లోనే ఇరుక్కుంటుంది. సాగదీస్తే మధ్యలో ఖాళీలే. అదే మంచు మళ్ళీ దొరకదు కదా, రా ఫార్మాట్‌లోనే తీయండి. డార్క్‌టేబుల్‌లో తెరిచి, 16 బిట్ల టిఫ్‌గా జింప్‌కి పంపండి. రెండూ ఉచితమే. 2018లో వచ్చిన 2.10 నుంచి జింప్ కూడా 8 బిట్ల గీత దాటింది.

కార్డు త్వరగా నిండుతుంది, నిజమే. సీటు కింద సంచిలో ఇంకోటి పడేసుకోండి.