అడవి బూట్లు: కొనేముందు తూకం వేయండి

బెంగళూరులో ఉంటూ తిరుపతి వైపు చామల లోయ దాకా పులుల వెంట తిరిగిన వేటగాడు కెన్నెత్ ఆండర్సన్ (1910–1974). ఆ రోజులు పోయాయి. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం పులి వంటి జంతువుల వేటను నిషేధించింది, 1991 సవరణ ఆ నిషేధాన్ని మరింత బిగించింది. వేట ఆగినా అడవి నడక ఆగలేదు. శని, ఆదివారాలు వస్తే బెంగళూరు తెలుగువాళ్లు సావనదుర్గ (1,226 మీటర్లు) ఎక్కుతున్నారు, రాత్రి బస్సెక్కి కుక్కె సుబ్రహ్మణ్యం వెళ్లి అక్కడి నుంచి కుమార పర్వతం (1,712 మీటర్లు) చేరుతున్నారు. వేటగాడు తన బూట్ల నుంచి కోరినవే వీళ్లూ కోరుకుంటారు: తేలిగ్గా ఉండాలి, కాలికి హాయిగా ఉండాలి, చాన్నాళ్లు మన్నాలి. షాపులో మాత్రం మన చూపు రంగు మీదికీ ధర మీదికీ ‘వాటర్‌ప్రూఫ్’ అన్న చీటీ మీదికీ పోతుంది. అన్నిటికన్నా ముందు బరువు చూడాలని నా గట్టి అభిప్రాయం.

అమెరికా సైన్యానికి చెందిన పరిశోధకులు సూల్, గోల్డ్‌మన్ 1969లో ఈ సంగతిని కొలిచి చూశారు. ఒంటి బరువులో కిలోకు పట్టే శక్తితో పోలిస్తే, పాదాలకు కట్టిన కిలో బరువుకు నడక వేగాన్ని బట్టి 4 నుంచి 6 రెట్లు ఎక్కువ శక్తి పట్టింది. వీపు మీది సంచి మనతోపాటు దాదాపు ఒకే వేగంతో ముందుకు సాగుతుంది. పాదం అలా కాదు, ప్రతి అడుగుకూ ఆగుతుంది, మళ్లీ లేస్తుంది, దాన్ని మళ్లీ ముందుకు విసరాలి. అందుకే అంత తేడా.

దీన్ని కుమార పర్వతానికి అన్వయించి చూద్దాం. కుక్కె వైపు నుంచి రానూపోనూ సుమారు 25 కిలోమీటర్లు. కిలోమీటరుకు 1,500 అడుగుల లెక్కన 37,500 అడుగులు, అంటే ఒక్కో పాదం 18,750 సార్లు లేవాలి. మందపాటి తోలు బూటు ఒక్కోటి 800 గ్రాముల పైన తూగుతుంది. చీలమండ దాకా వచ్చే తేలిక రకం 500 గ్రాముల దగ్గర ఉంటుంది. తేడా కాలికి 300 గ్రాములు, జతకు 600. ఐదు రెట్లు అనుకుంటే వీపు మీద 3 కిలోలు అదనంగా మోసినట్టే. అంటే మూడు లీటర్ల నీళ్లు! దారిలో ‘భట్టర మనె’ అనే ఇంట్లో అన్నం తిని పైకి బయలుదేరాక నీటి విలువేమిటో ఆ దారిలో నడిచినవాళ్లకు తెలుసు. ఆ మూడు కిలోలేవో నీళ్లుగానే మోసుకెళ్లవచ్చు.

ఇక సైజు. మన దగ్గర అమ్మే చాలా బూట్ల మీద ఉండేది బ్రిటిష్ నంబరు. దానిలో ఒక నంబరుకూ మరో నంబరుకూ తేడా అంగుళంలో మూడో వంతు, అంటే 8.47 మిల్లీమీటర్లు. ఆ కొలత మన పాదాలను చూసి పెట్టింది కాదు. చెన్నైలోని కేంద్రీయ తోలు పరిశోధన సంస్థ 2021 డిసెంబరు నుంచి 2022 మార్చి వరకు దేశంలో 79 చోట్ల 1,01,880 మంది పాదాలను 3డీ స్కానర్లతో కొలిపించింది. భారతీయుల పాదాలు పాశ్చాత్యుల పాదాలకన్నా ఎక్కువ వెడల్పుగా ఉన్నాయని తేలింది. ‘భా’ పేరుతో మనకంటూ ఒక కొలతల పద్ధతిని ప్రతిపాదించారు. మామూలుగా మనం చేసేదేమిటంటే, వెడల్పు చాలక ఒక నంబరు పెద్దది కొంటాం. అప్పుడు పొడవు 8 మిల్లీమీటర్లు మిగిలిపోతుంది, దిగుడు దారిలో పాదం ముందుకు జారి బొటనవేలి గోరు నల్లబడుతుంది. నంబరు పెంచే ముందు ‘వైడ్’ రకం ఉందేమో అడగండి. సాయంత్రానికి పాదాలు కాస్త ఉబ్బుతాయి కనుక ఆ వేళకే షాపుకు వెళ్లండి, నడకకు వేసుకునే మేజోళ్లే తొడుక్కుని వేసి చూడండి. వేళ్ల ముందు 10 నుంచి 12 మిల్లీమీటర్ల ఖాళీ ఉండాలి, మడమ మాత్రం లేవకూడదు. ఏటవాలు పలక మీద కిందికి దిగి చూస్తే అసలు సంగతి బయటపడుతుంది.

చీలమండ పైదాకా వచ్చే బూటు కాలు మడత పడకుండా కాపాడుతుందని అందరూ నమ్ముతారు. 1993లో అమెరికాలో 622 మంది కాలేజీ బాస్కెట్‌బాల్ ఆటగాళ్లకు ఎత్తు బూట్లు, పొట్టి బూట్లు ఇచ్చి చూస్తే బెణుకుల్లో చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. ఆట స్థలం వేరు, కొండ దారి వేరు, నిజమే. అయినా బెణుకు భయం ఒక్కదానికే బరువైన ఎత్తు బూట్లు కొనడం నాకు సబబుగా తోచదు. పాముల విషయం వేరు. 2000 నుంచి 2019 దాకా మన దేశంలో పాముకాటుకు దాదాపు 12 లక్షల మంది చనిపోయారని 2020లో వచ్చిన అధ్యయనం అంచనా వేసింది, అంటే ఏటా సుమారు 58 వేల మంది. ఆ భారం ఎక్కువగా మోసిన రాష్ట్రాల్లో మన తెలుగు నేల కూడా ఉంది. కాట్లు ఎక్కువగా పడేది కాళ్ల మీదే. చీకట్లో పొలానికి వెళ్లే రైతుకు, అడవిలో గస్తీ తిరిగే వాచర్‌కు ఎత్తు బూటు ప్రాణావసరం. పగటిపూట బాట మీద నడిచే మనకంటే వాళ్లకే అది ముందు అందాలి.

వాటర్‌ప్రూఫ్ సంగతి క్లుప్తంగా. బెంగళూరులో ఏడాది వాన 1,000 మిల్లీమీటర్ల లోపే, పశ్చిమ కనుమల్లోని ఆగుంబెలో 7,000 పైనే. ఆ కనుమల్లో వానాకాలం వాగు దాటితే నీళ్లు బూటు పైనుంచే లోపలికి వస్తాయి, వాటర్‌ప్రూఫ్ పొర ఉన్న బూటు వాటిని బయటికి పోనివ్వదు. అక్కడ నీరు కారిపోయే వల బట్ట బూటు, దానితోపాటు జలగలను ఆపే మేజోళ్లు మేలు. మంచులో నడవబోయేవాళ్లు ఆ పొర కోసం డబ్బు పెట్టవచ్చు.

మన్నిక దగ్గర చాలామంది పై తోలును చూసి మోసపోతారు. ముందు పాడయ్యేది అడుగు అట్టకూ పాదానికీ మధ్య ఉండే మెత్తటి పొర. అది పాలీయురేథేన్ అయితే గాలిలో తేమకే రసాయనికంగా విరిగిపోతుంది, 4–5 ఏళ్లలో పొడి రాలవచ్చు. వాడకుండా డబ్బాలో దాచినా అంతే. ఈవీఏ నురుగు తేమకు అలా విరగదు, తేలిక కూడా, కాకపోతే కొన్ని వందల కిలోమీటర్లకు అణిగి మెత్తదనం పోతుంది. అందుకని తగ్గింపు ధరలో పాత సరుకు కొనేటప్పుడు తయారీ తేదీ అడగండి. ఇంట్లో అటక మీద పాత జత ఉంటే కొండకు వారం ముందే దించి, ఆ పొరను బొటనవేలితో గట్టిగా నొక్కి చూడండి. పగుళ్లు విచ్చినా, పొడి రాలినా దాన్ని తీసుకెళ్లవద్దు. గట్టిగానే ఉంటే తొడుక్కుని కబ్బన్ పార్కులో ఓ గంట నడిచి రండి. దారి మధ్యలో అట్ట ఊడితే కట్టుకోవడానికి రెండు మీటర్ల నైలాన్ తాడు సంచిలో వేసుకోండి, దాని బరువు పది ఇరవై గ్రాములకు మించదు.